శివారు

ముప్ఫయ్యొక్క ఏళ్ళు లాకు తిప్పిన చెయ్యండి ఇది.
ధవళేశ్వరంలో నీళ్ళు విడుదల అని పేపర్లో పడ్డాక
మా శివారు చేలకి తడి అందాలంటే
ఎన్ని తూములు దాటాలో,
ఏ తూము దగ్గర రాత్రిపూట ఎవరు గోనెలు అడ్డమేస్తారో
కళ్ళు మూసుకుని చెప్పగలను.

రిటైరయ్యాక, మలికిపురంలో
కొబ్బరి పీచు షెడ్డు అద్దెకి తీసుకుని నడిపే
పెద్ద పిల్లల బడికి లెక్కలు రాస్తున్నాను.
పెద్ద పిల్లలంటే, నవ్వకండి,
మా చెల్లెలు పల్లాలమ్మకి ముప్ఫైతొమ్మిది.
తాతారావుకి గెడ్డం నెరిసింది.
దరఖాస్తులో మాత్రం గడి అలాగే ఉంది:
బాలబాలికల సంఖ్య.
ఇరవైమూడు అని వేశాను.
పద్ధెనిమిది దాటిన రోజున
వీళ్ళు ఏ గడిలోకి వెళ్ళిపోయారో
అడగడానికి గడి లేదు.

మొదటి వాయిదా శ్రావణంలో వచ్చింది.
రెండోది మంజూరైంది.
మంజూరు వేరు, విడుదల వేరు,
జమ వేరు.
ఈ మూడింటి మధ్య దూరం నాకు కొత్త కాదు;
మా నాన్న ఆ దూరంలోనే రెండు దాళ్వాలు పోగొట్టుకున్నాడు.

యూసీ పంపండి అన్నారు. పంపాం.
సంతకం పక్కన ముద్ర లేదన్నారు. వేశాం.
వేలిముద్రలు కావాలన్నారు.
పీచు పేని పేని
ఏసుమణి బొటనవేలు గచ్చులా నున్నబడిపోయింది.
మిషను ఎర్రగా వెలిగి
ఈ మనిషి ఈ మనిషి కాదంది.
ఏసుమణి దానికో దణ్ణం పెట్టి
మళ్ళీ వేలు ఆనించింది.
తొమ్మిదిసార్లు.

అప్పటికి విమలమ్మ టీచరుకి ఏడు నెలల జీతం బాకీ.
ఆవిడ అడగదు.
వచ్చేటప్పుడు పెరట్లో కాసిన బెండకాయలు తెస్తుంది,
అదే ఆవిడ అడగడం.
ఆటో అబ్బులు డీజిలు చీటీలతో
గుచ్చే ఊచ నిండిపోయి
రెండో ఊచ కొన్నాను.
ఊచ పన్నెండు రూపాయలు. రసీదు ఉంది.

మాఘంలో ఆఫీసరుగారు వచ్చాడు.
మంచి కుర్రాడే. చెప్పులు బయట విప్పాడు.
కిందటేటితో పోలిస్తే ప్రగతి ఏమిటి అన్నాడు.

ఏం చెప్పాలి.
మా పల్లాలమ్మ ఒక మాట నేర్చుకుంది.
రెండేళ్ళు పట్టింది.
అంతకుముందు ఎంత పెడితే అంతా తినేది,
తిని, కక్కుకుని, మళ్ళీ కంచం పట్టేది;
ఎక్కడ ఆగాలో చూసుకునే అమ్మ పోయింది కదా.
విమలమ్మ పూటపూటా గరిటె పట్టుకుని
దాని కళ్ళలోకి చూస్తూ నిలబడేది.
అట్లతద్ది మర్నాడు
కంచం మీద అరచెయ్యి అడ్డంపెట్టి
చాలు అంది.
లాకుల మీద బతికినవాణ్ణి,
అంత సరిగ్గా వాలిన తలుపు
ఎక్కడా చూడలేదు.

ఆఫీసరుగారు భోజనాల వేళదాకా ఉన్నాడు.
వంగి, ఆప్యాయంగానే,
ఏవమ్మా, ఇక్కడ నీకన్నీ బావున్నాయా అన్నాడు.
చాలు అంది.
ఉన్న మాట అదొక్కటే మరి.
అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా.

నివేదిక నకలు ఫాల్గుణంలో అందింది.
నాలుగో పేరా:
ప్రస్తుత నిధులు సరిపోవుచున్నట్లు
లబ్ధిదారు స్వయముగా తెలిపినారు.

జవాబు రాద్దామని కూర్చున్నాను.
అయ్యా, ఆ మాట అన్నం గురించి, అని రాసి
కొట్టేశాను.
అయ్యా, ఆమెకి ఆ మాటకి అర్థం తెలియదు, అని రాయబోయి
కలం మూసేశాను.
మా అందరిలో
దాని అర్థం తెలిసింది ఆవిడొక్కతికే.

మార్చి ముప్ఫయ్యొకటి, సాయంత్రం
నాలుగూ నలభైకి ఫోను కూసింది.
సగం జమ.
ఆ రాత్రిలోగా ఖర్చు చూపాలట, లేకపోతే వెనక్కి.
గింజ తాలుపోయాక వచ్చిన తడి.
అయినా పార పట్టుకుని గట్టెంట పరిగెత్తని రైతుంటాడా.
బియ్యం కొట్టు. అద్దె. మొదటి ఊచ చీటీలు.
విమలమ్మకి ఏడులో నాలుగు నెలలు;
చెక్కు చూడకుండానే మడిచి
ఖాళీ బెండకాయల సంచిలో వేసుకుంది.

ఇంటికెళ్ళి అన్నం వడ్డిస్తూ
రెండో మాట మొదలుపెట్టాను.
ఇంకా, అన్నాను. అనవే, ఇంకా.
నా నోటివంక చాలాసేపు చూసింది.
అరచెయ్యి అడ్డం పెట్టింది.